చివరి రెండు దెబ్బలు

కెన్నీ చెయ్యి ఎత్తడు. ఆ సంగతి ఈ పరాయి దేశంలో మా అద్దె బేస్‌మెంట్‌లో ఉన్న ఆరుగురికీ తెలుసు కాబట్టే వాణ్ణి లోకువ కట్టాం. ఓసారి వాడు దిండు మీద పుల్లలతో డ్రమ్స్ ప్రాక్టీసు చేస్తుంటే, వేర్‌హౌస్ షిఫ్టు చేసొచ్చి పడుకున్న ఆంజనేయులు లేచి వాడి మూతి పగలగొట్టాడు. కెన్నీ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. నెత్తురు చొక్కా మీదికి కారుతున్నా వాటిని బయటికి తియ్యలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గనిపిస్తలేదారా? ఒక్కటన్నా పీకొచ్చు గదా!" అన్నాను.

"అమ్మకి మాటిచ్చాను సాయీ," అన్నాడు.

వాళ్ళది బాపట్ల. తండ్రి ఎలియాజరు చర్చిలో డోలక్ వాయిస్తాడు. ఆ చేతులే ఇంటికొచ్చాక వాళ్ళమ్మ కృపాబాయి గారి మీద పడేవి. పదో తరగతిలో ఉండగా కెన్నీ తండ్రి మీదికి కర్ర ఎత్తితే ఆవిడే లాక్కుని, "నీ చెయ్యి డ్రమ్ము మీద తప్ప మనిషి మీద పడకూడదు. పడిందా, నువ్వూ ఆయనా ఒకటే," అని ఒట్టు వేయించుకుంది.

అలాంటి వాణ్ణి తీసుకెళ్ళి కాజిమీర్ చేతిలో పెట్టింది నేనే. ఇక్కడి ఒషావా ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన పోలండ్ ముసలాయన కాజిమీర్. కుర్రతనంలో పోలండ్‌లో పెట్టిన ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండుని ఇక్కడ మళ్ళీ నిలబెట్టాడు. ఒక్కో పాట ఇరవై నిమిషాలు, మధ్యలో తాళం నాలుగైదుసార్లు మారుతుంది. వాళ్ళ మొదటి ఆల్బమ్స్ వింటే ఇప్పటికీ నెత్తురు ఉడుకుతుంది. తర్వాతవన్నీ జోలపాటలు. ఇంజినీరింగ్ నుంచీ నేను ఫ్యాన్‌ని, ఆ జోలపాటలకి ఎంత తిట్టుకున్నానో! కొత్త ఆల్బమ్‌కి డ్రమ్మర్ కావాలని ఆయన పోస్టు పెట్టగానే కెన్నీని కారెక్కించాను.

పోలిష్ హాల్‌లో రికార్డింగ్. చివరి పాట దగ్గర వచ్చింది పేచీ. కెన్నీ వాళ్ళ చర్చిలో ఏ పాటైనా ఆఖరి పల్లవికి వచ్చేసరికి చప్పట్లు జోరందుకుంటాయి, డోలక్ దుగున్‌లోకి వెళ్తుంది. అంటే వేగం రెట్టింపవుతుంది. కెన్నీకి అది ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. కాజిమీర్‌కి మాత్రం చివరిదాకా ఒకే నడక కావాలి. మొదటిసారి కేకలేశాడు. రెండోసారి మైకు స్టాండుని తన్నాడు, అది వెళ్ళి కెన్నీ మోకాలికి తగిలింది. వాడు పళ్ళ బిగువున మళ్ళీ పుల్లలు అందుకున్నాడు.

మూడోసారి కూడా ఆ చేతులు మాట వినలేదు. చివర్లో దుగున్ ఎత్తుకున్నాడు. చిత్రమేమిటంటే గిటార్, బాస్ వాయించే ముసలాళ్ళిద్దరూ ఆగలేదు, వాడి వెనకే పరుగెత్తారు. ఏళ్ళ తరబడి పట్టిన తుప్పంతా రాలిపోయింది. కేక బయటికి రాకుండా నేను నోరు నొక్కుకున్నాను. కాజిమీర్ కీబోర్డు వదిలేసి వచ్చి, ఆఖరి దెబ్బ మోత ఆగకముందే కెన్నీ చెంప ఛెళ్ళుమనిపించాడు.

కెన్నీ చేతులు జేబుల కోసం తడుముకున్నాయి. కూర్చునున్నాడేమో, అందలేదు. పిడికిలి లేచి ముసలాయన దవడ మీద పడింది.

ఆయన వెల్లకిలా పడిపోయాడు. కెన్నీ వదల్లేదు. ఛాతీ మీదెక్కి కూర్చుని మళ్ళీ ఎత్తిన చేతిని నేనూ, బాస్ వాయించే ఆయనా కలిసి పట్టుకోవాల్సి వచ్చింది. వాడి మొహం చూస్తే భయమేసింది. కొట్టమని ఎగదోసినవాణ్ణి నేనే, అయినా భయమేసింది.

కాజిమీర్ లేచి పేపర్ కప్పులో నెత్తురూ, ఒక పన్నూ ఉమ్మాడు. "ఇప్పుడు వాయించింది వినిపించండి," అన్నాడు ఇంగ్లీషులో. విన్నాడు. మళ్ళీ పెట్టించుకుని విన్నాడు.

"ఇదే ఉంచుదాం. ఆ రెండు దెబ్బలతో సహా," అన్నాడు.

ఆల్బమ్ వచ్చింది. బ్యాండుకి పాత పదును తిరిగొచ్చిందని రివ్యూలు రాసినవాళ్ళంతా రాశారు. చివర్లో మోగిన ఆ రెండు దెబ్బలూ ఏ వాయిద్యానివో అంతుపట్టలేదని ఒకాయన మురిసిపోయాడు. పన్ను సంగతి తెలిశాక ఆంజనేయులు దిండు చప్పుడుకి మళ్ళీ కిక్కురుమనలేదు. కెన్నీ మాత్రం ఆ చివరి పాట ఒక్కసారి కూడా పెట్టుకోలేదు.

వాళ్ళమ్మ అడిగి అడిగి చివరికి పంపించుకుంది. ఓ ఆదివారం వీడియో కాల్ చేసి, మేం చూస్తుండగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాటంతా వింది. దుగున్ దగ్గర, "మన చర్చి పాట లాగే కొట్టావురా!" అని నవ్వింది. ఆ నవ్వు పాట చివర్న ఆగిపోయింది.

"చివర్న ఆ చప్పుడేంట్రా?"

"డ్రమ్మేనమ్మా."

"నాకు చెప్తన్నావా? మొదటిది చెంపదెబ్బ. చెంప మీద పడితే ఎట్టా వినపడుద్దో నాకు తెలవదంట్రా?" ఆవిడ చెయ్యి తన చెంప మీదికి వెళ్ళింది. "ఎవరు కొట్టారు నాయనా నిన్ను? గట్టిగా తగిలిందా?"

కెన్నీ తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ ఆ చివరి ముక్క మళ్ళీ పెట్టుకుని వింది.

"మరి ఆ రెండోది కొట్టిందెవర్రా?"

ఫోను నేను పట్టుకుని ఉన్నాను. కెన్నీ చేతులు రెండూ అప్పటికే జేబుల్లో ఉన్నాయి.