కాఫీ తిండి కాదు కదా

ఇథియోపియాలోని దెబ్రె మార్కోస్ ఊళ్ళో ఏ పెళ్ళయినా భుజాలు ఎగరేస్తూ ఆడే ఆటకి వగాయెనే ముందు నిలబెట్టేవారు. ఈ ఏడు ఆవిడ భుజాలు మొండికేశాయి. కూర్చుంటే నిద్ర, లేస్తే నీరసం. గొంతులో థైరాయిడ్ గ్రంథి పని ఎగ్గొడుతోందని డాక్టరమ్మ మాత్రలిచ్చింది. నెలలు గడిచినా తేడా లేదు. అన్న కొడుకు పెళ్ళేమో దగ్గర పడుతోంది.

మరిది వుబ్షెత్‌కి ఇంతకంటే ఏం కావాలి?

"వదినా, మొన్న నువ్వాడుతుంటే ఫోటోకి నిలబడ్డావనుకున్నారు."

"నోర్ముయ్‌రా! పెళ్ళిలో నీ నడుం పట్టేదాకా ఆడిస్తా," అంది, మధ్యలో రెండుసార్లు ఆవలించి.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ తల పట్టుకుంది. "డోసు పెంచాలేమో... ఖాళీ కడుపునే వేసుకుంటున్నారా?"

"మరియమ్మ తల్లి తోడు! ఇంజెరా రొట్టె తునక కూడా ముట్టను."

"మరి పక్కింటి బెలైనేష్ అక్క కాఫీ?" అన్నాడు తోడొచ్చిన వుబ్షెత్.

"కాఫీ తిండి కాదు కదరా! అది కాఫీ."

"ఎన్ని కప్పులమ్మా?"

"మూడే. మూడోది తాగకుండా లేస్తే దీవెన దక్కదు."

"మాత్ర వేసుకున్నాక ఎంతసేపటికి?"

"గోడ దాటేంతసేపు."

డాక్టరమ్మ నవ్వాపుకుని చెప్పింది. "ఆ కాఫీయే మాత్రని ఒంటికి పట్టనివ్వట్లేదు. గంట ఆగండి, డోసు సంగతి తర్వాత చూద్దాం."

బెలైనేష్‌కి చెబితే ఆవిడ కాఫీ కూజా మూతి గోడవైపు తిప్పేసింది. "ఇన్నేళ్ళు తాగి, ఇప్పుడు నాది విషమైందా? ఇంక రావద్దులే!"

ఆ కాఫీ లేకపోతే వగాయెకి తెల్లారినట్టే ఉండదు. మర్నాడు పొద్దున్నే మాత్ర పట్టుకుని వెళ్ళి, కుంపటి ముందు చతికిలబడింది.

"రోజూ కాచాక పిలిచేదానివి. ఇవాళ్టినుంచి పచ్చిగింజలు కడిగేటప్పుడే వస్తా. నువ్వు కడుగు, నేను మింగుతా. వేయించి, దంచి, మరిగించేసరికి గంట."

బెలైనేష్ మూతి బిగించి చూసింది. "అంటే నా కాఫీ మొత్తం మొదట్నుంచీ చూస్తావా?"

"గుడ్లప్పగించి."

కూజా మూతి మళ్ళీ ఇటు తిరిగింది. వాసనకి వగాయె చెయ్యి చాస్తే చాలు, బెలైనేష్ కుంపటి విసిరే విసనకర్రతో ఒక్కటిచ్చేది. "ఇంకా కాలేదే తల్లీ!" వుబ్షెత్ కూడా వచ్చి, వేయించిన శనగగింజ ఒకటి భక్తిగా మింగి, "నా మాత్రా అయింది," అని కూర్చునేవాడు.

పెళ్ళిలో వగాయె భుజాలు కోళ్ళు రెక్కలు కొట్టుకున్నట్టు ఎగిరాయి. ఎదురాడిన వుబ్షెత్ నడుం పట్టుకుని కూలబడ్డాడు.

"వదినా... నాకూ ఆ మాత్ర ఇప్పించవే."

"ఇప్పిస్తా. ఇంక రోజూ లేవగానే కాఫీ ఉండదు మరి."

వుబ్షెత్ చటుక్కున లేచి మళ్ళీ ఆడాడు.