నడిగట్టు కొలత

వరదరాజులు కూతురు పవిత్ర వేలూరులో జియోమాటిక్స్ అనే భూమి కొలతల చదువు చదివింది. ఆ చదువు పేరు ఆయన గుడియాత్తం బజారులో ఎవరికీ చెప్పేవాడు కాదు. అడిగితే "కంప్యూటరు" అనేవాడు. ఒకసారి పొరపాటున అసలు పేరు చెబితే, ఎదుటాయన "ఓ, లెక్కల టీచరా?" అన్నాడు.

ఆ చదువుతో వచ్చే ఉద్యోగాలను యూనివర్సిటీ వాళ్ళు పుస్తకంలో అచ్చేశారు: నగర ప్రణాళిక, గనులు, వరదల అంచనా, అంతరిక్షం. వరదరాజులు అంతరిక్షం చూసి చేర్పించాడు. చుట్టాలు మాత్రం ఆమెకు వేరే పనులు చెప్పారు. అత్త సురేఖ తప్పిపోయిన గేదెను శాటిలైట్‌లో వెతకమంది. మేనమామ దినకర్ తన వంటిల్లు ఆగ్నేయంలో ఉందో లేదో చూడమన్నాడు. లేదని తేలాక, ఆ పిల్లకు చదువు అబ్బలేదన్నాడు.

చివరి ఏడాదిలో బెంగుళూరు కంపెనీ ఒకటి పవిత్రకు ఉద్యోగమిచ్చింది. రోడ్లకూ నీళ్ళ పైపులకూ మ్యాపులు తయారుచేసే పని. వరదరాజులు ఒప్పుకోలేదు.

"అంతరిక్షం అన్నారు. ఇప్పుడు చూస్తే కర్ర పట్టుకొని ఎండలో నిలబడే పని."

"కర్ర మీద యంత్రం ఉంటాది నాయనా. అది శాటిలైట్లతో మాట్లాడతాది."

"కర్ర మీద ఏముంటే ఏంది? కర్ర కర్రే."

దారి చూపింది తల్లి కమలాక్షి. "ఆ యంత్రంతో మీ నడిగెనిమ తగువు తీర్చమనండి. తీర్చిందంటే పంపండి. లేదంటే ఇంట్లోనే ఉంటాది."

కే.వి.కుప్పం దగ్గర వరదరాజులుకూ తమ్ముడు చెంగల్రాయలుకూ పక్కపక్కనే పొలాలున్నాయి. భాగాలు పంచుకున్నప్పుడు మధ్యలో గెనిమ, అంటే గట్టు, వేసి రాయి పాతారు. ఆ రాయిని తమ్ముడు జరిపాడని అన్న నమ్మకం. అన్నే జరిపాడని తమ్ముడి నమ్మకం. ఇద్దరికీ మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఒకరు మొదటి పంక్తిలో కూర్చుంటే, రెండో ఆయన ఆకలిని చంపుకొని రెండో పంక్తి దాకా ఆగేవాడు.

కొలతకు చెంగల్రాయలు సులభంగానే ఒప్పుకున్నాడు. "పిల్ల మా అన్న మాట వింటాది గానీ, శాటిలైట్ వినదు గదా" అన్నాడు. సాక్షిగా దిగువ పొలం మునియప్పన్‌ను పిలిచారు. ఆయనకు ఎవరితోనూ తగువు లేదు.

పవిత్ర ప్రొఫెసరును అడిగి యంత్రం తెచ్చింది. సర్వే శాఖ పటం చూసుకుని పాత రాళ్ళు వెతికింది. మొదట నడిమి రాయి దగ్గర కర్ర నిలబెట్టింది. అన్నదమ్ములు చెరో పక్క నిలబడి ఆకాశం వైపు చూశారు.

"రాయి ఉండాల్సిన చోటే ఉండాది" అంది పవిత్ర.

ఇద్దరూ నమ్మలేదు. కానీ జరగని రాయి జరగనట్టు కనిపించడంలో వింత లేదు. ఒకరు జరుపుతారేమోనని ఇంకొకరు ఏళ్ళ తరబడి దానికి కాపలా కాశారు.

"అయితే నా భూమి యాడికి పోయింది?" అన్నాడు చెంగల్రాయలు.

"యాడికీ పోలేదు చిన్నాయనా. పెరిగింది."

ఆమె బయటి గట్లు కూడా కొలిచింది. ఏటా దున్నేటప్పుడు చాలు తర్వాత చాలుగా అన్న తూర్పుకు, తమ్ముడు పడమరకు జరిగారు. తూర్పున సర్కారు కాలువ. పడమరన సర్కారు బండిబాట. పటంలో కాలువ ఉన్నచోట వరదరాజులు వేరుశనగ ఉంది. బాట ఉన్నచోట చెంగల్రాయలు అరటి ఉంది.

మునియప్పన్ యంత్రం తెర మీదికి వంగి చూశాడు. ఆయన పొలానికి నీళ్ళు రావాల్సింది ఆ కాలువలో. బండి పోవాల్సింది ఆ బాటలో.

"వరదన్నా, నా నీళ్ళు తిన్నది నువ్వా? నేను ఇన్నాళ్ళూ వానదేవుణ్ణి తిడతా ఉండాను గదప్పా!"

"యంత్రం తప్పు" అన్నాడు వరదరాజులు.

"తప్పే అన్నా" అన్నాడు చెంగల్రాయలు. అన్నా అని పిలిచి చాలా ఏళ్ళయింది. "మబ్బు పట్టింది గదా. శాటిలైట్‌కు కనబడి ఉండదు."

"మబ్బుకూ దానికీ సంబంధం లేదు చిన్నాయనా."

"నువ్వు ఊరుకోమ్మా. పెద్దోళ్ళు మాట్లాడతా ఉండారు."

మునియప్పన్ పవిత్ర వైపు తిరిగాడు. "అమ్మా, ఆ పటం నాకొకటి ఈయమ్మా. కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తాను."

వరదరాజులు యంత్రాన్ని కర్ర మీద నుంచి తానే విప్పి పెట్టెలో పెట్టాడు. ఇంటికొచ్చాక కూతురితో అన్నాడు: "నడిగెనిమ తగువు తీరింది. ఉద్యోగంలో చేరు. రేపే పో. ఆ మునియప్పన్‌కు మాత్రం పటం ఇచ్చినావంటే, బెంగుళూరూ లేదు ఏమీ లేదు."

మర్నాడు అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద కాట్పాడి స్టేషనుకు వచ్చి ఆమెను రైలెక్కించారు. చెంగల్రాయలు దారిలో తినడానికి అరటిపళ్ళ గెల తెచ్చాడు. అవి ఏ చెట్టువో పవిత్ర అడగలేదు.

రైలు కదిలింది. పవిత్ర ఫోన్ తీసి, పటం కింద తన పేరూ చదువూ రాసి మునియప్పన్‌కు పంపింది. ఆ తర్వాత ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తండ్రి వెనక్కి రమ్మంటే ఏ స్టేషన్‌లో దిగాలా అని ఆలోచించింది. దిగకుండా ఉంటే ఏమవుతుందో కూడా ఆలోచించింది.

ఆంబూరు దాటాక ఫోన్ మోగింది.

"పంపించినావంట" అన్నాడు వరదరాజులు.

"పంపించినాను నాయనా."

ఆయన గొంతు తగ్గించాడు. పక్కన తమ్ముడు ఉన్నట్టున్నాడు.

"సరే, అది పోనీ. ఒక సంగతి చెప్పు. ఎక్కువ ఆక్రమించింది ఎవరు? మీ చిన్నాయనే గదా?"

"మీరే నాయనా."

"ఎంత?"

"చిన్నాయనదానికి రెండింతలు."

"వానితో చెప్పినావా?"

"ఇంకా లేదు. వచ్చి చెప్పనా?"

"వద్దు, వద్దు" అన్నాడు వరదరాజులు. "నువ్వు ఆ ఊర్లోనే ఉద్యోగం చేసుకోమ్మా."