ఎడమకు తిరగని మెడ

నేను ఒక ఎర్రని స్పోర్ట్స్ బండిని. నిలబెట్టి ఉన్నా పరిగెడుతున్నట్టే కనిపిస్తాను. కాస్త పొగరు ఉందంటారు, నిజమే, ఉంది. కంపెనీలో నన్ను బిగించిన అమ్మాయి చివరగా హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నా మెడ కుడికి ఎంత తిరిగిందో ఎడమకూ అంతే తిరిగింది. ఆమె సంతోషించి సీటు మీద తట్టి పంపింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నన్ను మొదట కొన్నవాడు హన్మకొండ నిశాంత్. కొన్న రోజే పూజ చేయించి, ముందు చక్రాన్ని పట్టుకునే ఎడమ ఫోర్కుకు, సరిగ్గా హ్యాండిల్ కింద, నల్లతాడుతో గుర్రపు నాడా కట్టించాడు. మరుసటి వారం నా వెనక చక్రానికి లావు టైరు వేయించాడు. చూసేవాళ్లు ఆహా అన్నారు. మలుపు దగ్గర నేను వంగనని మొండికేస్తే మాత్రం 'బండే మంచిది కాదు' అని తేల్చేశాడు. మనుషుల న్యాయం అలా ఉంటుంది.

రెండో యజమాని ఇర్ఫాన్ పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాడు. వాళ్లమ్మ దర్గా నుంచి తెచ్చిన తావీజును ఆకుపచ్చ గుడ్డలో చుట్టి నాడా మీదే కట్టింది. పాత తాడు విప్పలేదు. ఎవరో కట్టుకున్న దిష్టి విప్పితే అది ఎవరికి చుట్టుకుంటుందోనని భయం. కెమెరా సంచీతో అతను గుంతల్లో నన్ను దూకించి దూకించి నా మెడ సాఫీగా తిరగడానికుండే కోన్‌సెట్‌ను అరగదీశాడు. పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే అమ్మేశాడు.

అప్పుడొచ్చింది స్వరూప. నలభై ఒక్క ఏళ్లు, ఆడపిల్లల బడిలో పీఈటీ టీచరు. స్కూటీ కొనుక్కోమని ఇంటిల్లిపాదీ చెప్పినా వినకుండా కాజీపేటలో పాత బళ్ల షెడ్డుకు వచ్చి, నా చుట్టూ మూడుసార్లు తిరిగి, నన్నే కావాలంది. నాకు ఆమె అక్కడే నచ్చేసింది.

చిక్కల్లా లైసెన్సుతో వచ్చింది. పరీక్షలో కాలు కింద పెట్టకుండా ఎనిమిది అంకె వేయాలి. మొదటిసారి అందులో ఎడమకు తిరగాల్సిన సున్నా దగ్గర నేను తిరగలేదు, ఆమె ఎడమ కాలు నేలకు తగిలింది. ఇంటికి రాగానే అత్తగారు మల్లమ్మ నన్ను ఎగాదిగా చూసి, దిష్టి తగిలిందని నిర్ధారించి, నిమ్మకాయ, ఎండుమిరపకాయలు, బొగ్గుముక్క కలిపిన మూడో తాడు పాత వాటి మీదే గట్టిగా బిగించింది. రెండోసారి ఆమె కాలు ఇంకా ముందే నేలకు తగిలింది.

ఇక ఎల్‌ఎల్‌ఆర్‌ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) గడువు తొమ్మిది రోజులే ఉంది. ఆమె భర్త రవీందర్ మెల్లగా అన్నాడు. "ఈసారి గూడ కాకుంటే అమ్మేద్దాం. విడిభాగాల షాపాయన అడుగుతుండు."

స్వరూప నా తాళంచెవి గుప్పిట్లో బిగించింది. "సరే. కాకుంటే నేనే తోలుకపోయి ఇచ్చొస్త," అంది. నేను ముక్కలైపోవడం గురించే వాళ్లు మాట్లాడుకుంటున్నారు. పెట్రోలు గడ్డకట్టినంత భయమేసింది.

మరునాడే నన్ను మెకానిక్ సాంబయ్య దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నన్ను నడిపి చూసి, దిగి, తల ఊపాడు. "బండి మంచిదే మేడం. ఎవ్వడో ఆగం చేసిండు." లావు టైరు పీకి అసలు కొలత టైరు వేశాడు. కోన్‌సెట్ కొత్తది బిగించాడు. ఫోర్కుల్లో ముసలిదైపోయిన ఆయిలు తీసి కొత్తది పోశాడు. స్వరూపను ఎక్కించి, దించి, నా వెనక భాగం ఎంత కుంగుతోందో స్కేలుతో కొలిచి స్ప్రింగును ఆమె బరువుకు సరిచేశాడు.

మరి ఆ దిష్టి కట్ట? ఫోర్కు ఊడదీసేటప్పుడు దాన్ని గాజులా జారదీసి, శుభ్రమైన గుడ్డలో పెట్టి హనుమంతుడి పటం ముందు ఉంచాడు. పని కాగానే చేతులు కడుక్కుని, ఉన్నచోటే మళ్లీ తొడిగాడు. జారకూడదని అదనంగా రెండు ముళ్లు వేశాడు. నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని.

కానీ ఆ సాయంత్రం ధర్మసాగర్ రోడ్డు మీద ఏమని చెప్పను! మలుపు రాకముందే నేను వంగాను. స్వరూప మనసులో అనుకోగానే నా చక్రం అటు వెళ్లింది. గుంత వస్తే మింగేసి ముందుకు పోయాను. హెల్మెట్ లోపల ఆమె పిచ్చిదానిలా నవ్వుతోంది. నేను పుట్టింది ఇందుకేనని నాకు ఆ రోజే తెలిసింది.

తెల్లారి బడి మైదానంలో కబడ్డీ కోర్టుకు గీసినట్టే సున్నంతో ఎనిమిది గీసింది. కుడి సున్నా గీత దాటకుండా తిరిగాం. రోడ్డు మలుపుకు వంగితే చాలు, చిన్న సున్నాకు మెడ పూర్తిగా తిరగాలి. ఎడమ సున్నాలో మళ్లీ కాలు నేలకు తగిలింది. పదిసార్లు వేస్తే పదిసార్లూ అంతే. ఇంకొకరైతే తన చేతకానితనమే అనుకుని ఏడ్చేవారు. ఆమె పీఈటీ టీచరు, టేపు తెచ్చి నన్ను కొలిచింది. హ్యాండిల్ కుడికి తిరిగినదానికన్నా ఎడమకు నాలుగు వేళ్లు తక్కువ తిరుగుతోంది.

కబురు పెడితే సాంబయ్య వచ్చాడు. హ్యాండిల్ ఎడమకు తిప్పి వంగి చూసి నిర్ఘాంతపోయాడు. ట్యాంకుకూ ఫోర్కుకూ మధ్య ఆ కట్ట చపాతీ పిండిలా నలుగుతోంది.

"నా చేతుల్తోనే కట్టిన మేడం. కండ్ల ముందరున్నది కనవడలే," అన్నాడు. కత్తెర మాత్రం తీయలేదు. స్వరూప చెయ్యీ ముందుకు రాలేదు, అది అత్తగారు కట్టిన ముడి మరి. నన్ను అలాగే ఇంటికి నడిపించుకొచ్చి మల్లమ్మ ముందు నిలబెట్టింది.

"అత్తమ్మా, ఇది అడ్డమొస్తుంది. అందుకే తిరుగుతలేదు."

మల్లమ్మ కళ్లజోడు పెట్టుకుని, హ్యాండిల్ తానే తిప్పి, రెండుసార్లు చూసింది. "నేను గట్టిన ముడి నేనిప్పితే ఏం గాదు. మిగిలినయి గట్టినోళ్లు గూడ నా అసోంటోళ్లే. ఏమనుకోరు," అని హ్యాండిల్ కింద వంగి విప్పడం మొదలుపెట్టింది. నిమ్మకాయ వచ్చింది, మిరపకాయలు వచ్చాయి. తావీజు రాగానే కళ్లకద్దుకుని, బండి కాగితాల్లో ఇర్ఫాన్ చిరునామా చూసి వాళ్లింట్లో అప్పజెప్పి రమ్మంది. చివర నిశాంత్ నాడా బయటపడింది. దాన్ని గుమ్మానికి కొట్టించింది. ఇన్నేళ్లకు నా మెడకు గాలి తగిలింది.

గడువుకు ఒక్క రోజు ముందు పరీక్ష. ఇన్‌స్పెక్టర్ సారు చేతిలో కాగితం, దూరంగా గోడవార మల్లమ్మ. కుడి సున్నా అయింది. ఎడమకు తిరుగుతుంటే స్వరూప కాలు అలవాటుగా కొంచెం కదిలింది. నేను ఇంకో నాలుగు వేళ్లు తిరిగాను. ఆమెకు అర్థమైంది. కాలు మళ్లీ ఫుట్‌రెస్టు మీదకు చేరింది. గీత పక్కనే, గీతను తాకకుండా, మేమిద్దరం సున్నా పూర్తి చేశాం. సారు కాగితం మీద టిక్కు పెట్టి తర్వాతి పేరు పిలిచాడు. ఆయనకది మామూలు రోజు. నాకు మాత్రం ఇంజిను ఆపేసినా ఒళ్లంతా ఉడుకుతూనే ఉంది.

మల్లమ్మ నా దగ్గరికొచ్చి కొంగుముడి విప్పింది. అందులో కొత్త నల్లదారం. మళ్లీ నా మెడకేనా అనుకున్నాను. ఆమె నన్ను దాటి వంగి, నేల తాకని కోడలి ఎడమ కాలికి ఆ దారం కట్టింది.