విచ్చుకోని తోక

నేను ఒక గాలాన్ని. సీసపు తల, దాని వెనక ఉక్కు కొక్కెం, కొక్కెం చుట్టూ మేకతోక వెంట్రుకలు. ఈ నిమిషాన పన్నెండు బారల లోతున వేలాడుతున్నాను. చెయ్యంత పొడవున్న కోనెం చేప ఒకటి నా వెనకే వచ్చింది, నా తోకను చూసింది, ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. ఈ ఉదయం ఇది నాలుగోది.

పైన బోటులో ఎల్లాజీకి ఓపిక నశించింది.

“సూసావా దానయ్యా? కొర్లమ్మ సెయ్యి పాడైపోనాది. ఇయ్యాల ఒక్కటీ పడకపోతే రేపట్నించి పది బోట్లకీ బజారు గాలాలే.”

కొర్లమ్మ నన్ను తయారుచేసిన మనిషి. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, వెంట్రుకలు పలచగా పరిచి, ఎర్రదారంతో బిగించింది. ఇరవై ఏళ్ళుగా మా రేవులో ఏ గాలానికైనా తోక కట్టేది ఆమే. ఆ పని పోతే ఆమెకు మిగిలేది ఎండుచేపల దగ్గర కాకుల్ని తోలడం.

దానయ్య తన బావ ఎల్లాజీ మాటకు ఎదురు చెప్పలేదు గానీ, తీర్పు ఇచ్చే ముందు విచారణ జరిపాడు. మొదటి అనుమానం బరువు మీద. నీటి వడి ఎక్కువైతే తేలిక గాలం అడుగుకు చేరదు. నేనుండే గాలాల పెట్టెలోంచే నాకంటే బరువైనదాన్ని తీసి దించాడు. అది అడుగును తాకింది, దాన్ని చేప తాకలేదు. మళ్ళీ నన్నే కట్టాడు. ఇక రంగు. నీరు మడ్డిగా ఉంటే నల్ల తోక, తేటగా ఉంటే తెల్లది. నీరు తేటగానే ఉంది, నేను తెల్లదాన్నే. మిగిలింది తాడు పట్టిన చెయ్యి. గాలాన్ని మూరెడు ఎగరేసి వదిలెయ్యాలి. అది కిందికి జారేటప్పుడే చేప కొడుతుంది. ఎల్లాజీ రోకటిపోటు వేస్తున్నట్టు గుంజుతున్నాడు. దానయ్య తాడు అందుకుని మెత్తగా ఆడించాడు. ఐదో చేప కూడా వెళ్ళిపోయింది.

నేరం ఎవరిదో నాకు తెలుసు. మనుషులు గాలానికి కన్ను పెడతారు గానీ నోరు పెట్టరు.

ఒడ్డు చేరగానే ఎల్లాజీ రేవంతా వినేలా కేకేశాడు.

“కొర్లమ్మ తోకలకి సేపలు రావర్రా! పదేను రోజులు సూసేం, సాలు!”

తక్కిన బోట్లవాళ్ళూ తలలూపారు. వాళ్ళకూ ఏమీ పడలేదు మరి.

కొర్లమ్మ వచ్చింది. ఏడవలేదు, అరవలేదు. బకెట్టు నిండా సముద్రపు నీళ్ళు తెచ్చి, ఎల్లాజీ చేతిలోంచి నన్ను లాక్కుని అందులో వేసింది. నా వెంట్రుకలు విచ్చుకోలేదు, జిగురు కుంచెలా అతుక్కునే ఉన్నాయి. నీటి మీద రంగురంగుల పొర తేలింది. ఆమె తన సంచిలోని కొత్త గాలాన్ని పక్కనే వేసింది. దాని తోక ఊపిరి పీల్చినట్టు విచ్చుకుంది.

ఆమె నన్ను తీసి వాసన చూసింది.

“కొబ్బరినూనె. సేపలకి తల దువ్వుదామనుకున్నారేట్రా?”

అందరూ నవ్వారు, ఎల్లాజీ తప్ప.

“కొక్కెం తుప్పట్టకుండా రాసేం అప్పా,” అన్నాడు పక్క బోటు అసిరయ్య. “అన్ని బోట్లోళ్ళమూ రాసేం.”

“పెద్ద తెలివే. రాయమన్నదెవుడు?”

అసిరయ్య ఇసక వైపు చూశాడు. దానయ్య నోరు తెరవబోయాడు. కొర్లమ్మ చెయ్యెత్తి ఆపింది.

“నువ్వు కాదు నాయనా. నా పేరు రేవంతా ఇనేలాగ అరిసినోడు ఉన్నాడు కదా, ఆడి నోటితోనే రావాల.”

ఎల్లాజీ ఏదో గొణిగాడు.

“అలాక్కాదు. ఆ సివరి బోటుకి ఇనబడాల.”

ఎల్లాజీ ఒకసారి సముద్రాన్ని, ఒకసారి జనాన్ని చూశాడు. నెత్తికి చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు.

“నానే!” అని అరిచాడు. “నూనె రాయమని మీకందరికీ సెప్పింది నానే, ఎల్లాజీని! కొర్లమ్మప్ప తప్పేటీ లేదు!”