అరుంధతి పండ్ల పట్టీ

పొద్దుగాల లేసినకాడికెల్లి అప్పటికి ఐదోసారి, కన్యక పెరట్ల రాయి మీద కూసోని పండ్ల పట్టీని ఉప్పునీళ్ళతోని కడుగుతున్నది. నోట్ల అంగిటికి పెట్టుకునే ఎర్ర రబ్బరు ముక్క, అరచేతిల సగం గూడ ఉండదు, ముందలికి ఒక సన్న తీగె. గంతే. ఆ ముక్క ఇంటికొచ్చినంక బాయిల నీళ్ళు మూరెడు కిందికి దిగినయని, నీళ్ళు తోడే జానమ్మ ఒట్టేసి చెప్తది.

పట్టీ కన్యకది కాదు, బిడ్డ అరుంధతిది. పదిహేనేండ్ల పిల్ల. రజాకార్ల గడ్‌బడ్‌ల సూర్యాపేట షావుకార్లు శానామంది బెజవాడకు పోయిన్రు గద, వీళ్ళు గూడ పోయి ఏడాదిన్నర ఉన్నరు. గాడ ఒక పండ్ల డాక్టరు అరుంధతి ఎత్తు పండ్లు సూసి తీగెలు కట్టిండు. ఎంత ఎత్తంటె, పిల్ల అరుగు మీద కూసోని నవ్వితె కోదాడ బస్సు డ్రైవరు ఎవలో దీపం సూపిస్తున్నరనుకోని బండి ఆపిండు. ఏడాదికి పండ్లు వరుసకొచ్చినయి, తీగెలు ఇప్పిండు. మళ్ళ ఎనకటి జాగకు పోకుంట ఈ పట్టీ ఇచ్చిండు. పెట్టుకోవచ్చు, తియ్యవచ్చు. తిప్పలంత ఆ తీసుడుకాన్నే వచ్చింది.

నోట్లకెల్లి తీసింది ఎంగిలి. అత్త రుక్మిణమ్మది మడి. పట్టీ పిల్ల నోట్ల ఉండాలె, తీసినంక మాత్రం ఇంట్ల ఏడ ఉండొద్దు. పిల్ల అన్నానికి కూసుంటె కన్యక వచ్చి అందుకోవాలె, పెరట్లకు పట్టుకపోవాలె, కడగాలె, గోడ గూట్ల పెట్టాలె. అది ముట్టిన చేతితోని పొయ్యి ముట్టొద్దు, మడిల ఉంటె మళ్ళ తానం చెయ్యాలె. చలికాలంల ఒక్కనాడు మూడు తానాలు చేసింది. తుమ్మింది. తుమ్మితె గూడ వంటింట్ల తుమ్మినవని అన్నరు. "తల్లివి, పిల్ల నోట్ల పట్టీ ఉన్నదా లేదా సూసుకోవా?" అనేది రుక్మిణమ్మనే, "ఆ పాడుదాన్ని ముట్టి నా దిక్కు రాకు" అనేది రుక్మిణమ్మనే. ఆ నోటికి తీగె కట్టే డాక్టరు బెజవాడల గూడ లేడని కన్యక అనుకునేది. పైకి అనలే. పెనిమిటి రాంచందర్ ధాన్యం కొట్టు కాడికెల్లి వచ్చి పీట మీద కూసోని, "ఎత్తు పండ్లు మీ పుట్టింటియి. మా దిక్కు ఎవలకు లెవ్వు. నువ్వే కాపలుండు" అన్నడు. కన్యకయి గూడ ఎత్తు పండ్లే. పదమూడేండ్లకు ఆ ఇంట్ల కాలు పెట్టిన నాటికెల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకోనే నవ్వుతది. ఎవ్వలు పెట్టుకొమ్మనలే. తియ్యిమనలే గూడ.

పిల్ల పెట్టుకునేదా అంటె, అడుగుల సప్పుడినపడితె పెట్టుకునేది. తక్కిన టైముల పట్టీ ఏడ దొరికేదో ఆ దేవునికే తెల్వాలె. పప్పు డబ్బల, పూలబుట్టల, ఒకసారి తాత ఫోటో ఎనుక. ఇంకోసారి కాకి ఎత్తుకపోయింది. నడిగూడెం దాక ఎగిరిందట. ఆడ చెట్టు మీద కూసోని పట్టీ నోట్ల పెట్టుకోని 'కా' అనబోతె 'తా' అన్నదట. తక్కిన కాకులన్ని నవ్వితె సిగ్గుపడి తిరిగొచ్చి పెరట్ల పడేసిపోయింది. కన్యక మళ్ళ కడిగింది.

కాకి ఒక్క దినం సిగ్గుపడ్డది, అరుంధతి ఏడాది సంది పడుతున్నది. పట్టీ పెట్టుకుంటె నాలుక మడత పడదు, 'స' అనబోతె 'త' వస్తది. బడిల పోరగాండ్లు నవ్విన్రు. ఇగ మాట్లాడుడే బందు పెట్టింది. అంతకుముందు ఆ పిల్ల నోరు మూసేది కాదు. కన్యక పిండి రుబ్బుతుంటె పక్కన కూసోని, బస్సు ఏజెంటు ఎట్ల కసురుకుంటడో, పంతులు ఎట్ల కునుకుతడో, నానమ్మ మంత్రాల నడుమ జానమ్మను ఎట్ల తిడతదో, అన్ని చేసి సూపెట్టేది. ఆ ఇంట్ల కన్యకతోని అందరు పనులే చెప్పేటోళ్ళు. ముచ్చట చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. ఇప్పుడు రోలు సప్పుడే ఉన్నది. పట్టీ అనుకోని తన ముచ్చట్లనే కడిగి గూట్ల పెడుతున్నదని కన్యకకు కొన్నాళ్ళకు సమజయింది.

ఆ నెల పట్టీ బిర్రుగైంది. బెజవాడ డాక్టరు నెలకోపారి కోదాడ సత్రంల కూసుంటడు. రాంచందర్‌కు వడ్ల సీజను, తీరలే. జానమ్మను తోడిచ్చి కన్యకనే పిల్లతోని బస్సెక్కించిండు. డాక్టరును కన్యక మాట్లాడిచ్చుడు అదే మొదటిసారి.

"రోజూ పెట్టుకుంటోందా?" అన్నడు డాక్టరు.

"పెట్టుకుంటది" అన్నది కన్యక.

డాక్టరు నవ్విండు. "అందరమ్మలూ ఇదే మాట అంటారండి. పిల్లలు పదిమందిలో ఇద్దరు కూడా పెట్టుకోరు." పిల్ల నోరు సూసి, తీగె జర వదులు చేసిండు. పండ్లు మంచిగున్నయన్నడు. పగటిపూట అన్నం తినేటప్పుడు పట్టీ తీసి ఏడ పెట్టాలె, ఎట్ల కడగాలె అని కన్యక అడిగితె ఆయన తల ఎత్తిండు. "పగలెందుకమ్మా ఇంకా? నిద్దట్లో పెట్టుకుంటే చాలని మీవారితో ఆర్నెల్ల కిందటే చెప్పాను గదా."

బస్సుల కన్యక ఆర్నెల్లల్ల తానాలెన్నో లెక్కపెట్టబోయి, మునగాల దాటకముందే ఇడిసిపెట్టింది.

ఇంటికొచ్చి అన్నం వడ్డిచ్చుకుంట అడిగింది. రాంచందర్ ముద్ద కలుపుకుంట, కోపం లేదు ఏం లేదు, ఎప్పటిలెక్కనే చెప్పిండు. "చెప్పిండు. నోట్ల అది ఉంటె పిల్ల కుదురుగుంటున్నదని నేనే ఊకున్న. మిర్యాలగూడోళ్ళు వచ్చే గురువారం పిల్లను సూస్తరు. ఆనాడు తీసేద్దం. గప్పటికి నోరు మూసుకునుడు అలవాటైతది."

రుక్మిణమ్మ పక్కకెల్లి నవ్వింది. "నీకు పట్టీ గిట్ల లేకుంటనే అలవాటాయె, మంచిగనే ఉన్నవ్ గద."

కన్యక చారు పోసింది.

తెల్లారి పట్టీని బిడ్డ చేతిల పెట్టింది. "పండుకునేటప్పుడు పెట్టుకో. పగలు దీనితోని పని లేదు. కడుగుడు గూడ నీదే, పండ్లు నీయి గద" అన్నది. అరుంధతి నమ్మలే. రెండుసార్లు అడిగింది. మూడోసారికి రోలు పక్కన కూలవడి, ఏడాది ముచ్చట్లన్ని ఒక్కసారే అందుకున్నది. పంతులు, కోదాడ డాక్టరు, సత్రంల ముసలామె. నవ్వి నవ్వి కన్యక కొంగు పిండిల పడ్డది. తీసి మళ్ళ నోటికి పెట్టుకోలే.

రుక్మిణమ్మ గడప కాడికొచ్చింది. "ఏందీ లొల్లి? పట్టీ ఏదే?"

కన్యక లేవలే. "పగలు పెట్టదు అత్తమ్మా. గురువారం గూడ మాట్లాడుతది. ఇనేటోళ్ళయితెనే రమ్మనున్రి."

ఇంట్ల నాలుగు దినాలు బిడ్డ తప్ప ఎవ్వలు కన్యకతోని మాట్లాడలే. ఆమెకు అది కొత్త కాదు. అరుంధతి పది రాత్రులల్ల ఏడు రాత్రులు పట్టీ పెట్టుకున్నది. తక్కిన మూడు రాత్రుల సంగతి కన్యక అడగలే.