తలుపు తడితే తీసే షాపు

సైకిల్ పందెం తమ నగరం మీదుగా పోతుందని తెలిసిన దగ్గర నుంచి నగర పెద్దలకు కాలు ఒకచోట నిలవలేదు. ఎక్కడెక్కడి వాళ్ళో టీవీల్లో కళ్ళప్పగించి చూసే పందెమాయె! నది మీద వంతెన చూపించుకోవచ్చు, కొత్త స్టేడియం చూపించుకోవచ్చు. చూపించుకోవడానికి మొహం చెల్లనిది ఒకటే, నగరం నడిబొడ్డు. పందెం దారేమో సరిగ్గా దాని మధ్య నుంచే పోతుంది. ఒకప్పుడు భుజాలు రాసుకుంటూ నడవాల్సి వచ్చిన ఆ పెద్ద వీధి, ఊరి బయట మాల్స్ వెలిశాక బోసిపోయింది. ఒక షాపు తెరిచి ఉంటే దాని పక్కన వరసగా మూసినవే. అద్దాల మీద దుమ్ము, ఆ దుమ్ములో ఎవరో వేలితో రాసిపోయిన పేర్లు.

దీనికి పెద్దలు కనిపెట్టిన మందు బొమ్మలు. ఖాళీ షాపుల అద్దాల మీద నిలువెత్తు స్టిక్కర్లు అంటించారు. ఒకచోట పూల షాపు, ఒకచోట బేకరీ, అన్నిటిలోనూ కిటకిటలాడుతూ, పళ్ళికిలిస్తూ జనం. కెమెరా రయ్యిమని దూసుకుపోతుంటే నిజమో బొమ్మో ఎవడికి తెలుస్తుంది? ఇన్నేళ్ళుగా ఆ వీధికి ఒక్క మనిషిని రప్పించలేనివాళ్ళు, జనం బొమ్మలను మాత్రం వారం తిరక్కుండా రప్పించారు.

ఆ వీధిలో ఇంకా ఊపిరున్న షాపుల్లో గొడుగులక్కది ఒకటి. ఆవిడ అసలు పేరు వీధి ఎప్పుడో మరిచిపోయింది. గొడుగులు అమ్ముతుంది, అమ్మేదాని కంటే ఎక్కువగా బాగుచేస్తుంది. వంగిన ఊచ సరిచేయడం, చిరిగిన బట్ట మార్చడం, ఊడిన పిడి బిగించడం తండ్రి పక్కన కూర్చుని నేర్చుకుంది. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. ఆ తమ్ముడు ఇప్పుడు వేరే ఊళ్ళో ఉద్యోగం, పెళ్ళాం, పిల్లలతో ఉన్నాడు.

షాపు నడపడంలో ఆవిడది ఒక వింత పద్ధతి. వెనక గదిలో వెలుతురు బాగుంటుందని కుట్టుమిషను అక్కడ వేసుకుంది. బేరం లేని ముందు గదికి లైటు దండగని ఆర్పేసింది. వెనక సందులోంచి వస్తుంది, ఆ సందులోంచే ఇంటికి పోతుంది. ముందు తలుపుకు లోపల గడియ పెట్టి ఉంటుంది. ఎవరైనా తడితే "వస్తున్నా, వస్తున్నా" అంటూ లేచి వెళ్ళి తీస్తుంది. పాత ఖాతాదార్లకు ఈ సంగతి తెలుసు కాబట్టి తట్టేవాళ్ళు. వాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయారు. చీకటిగా ఉన్న షాపు తలుపు తట్టాలని కొత్తవాళ్ళకు ఎందుకు తోస్తుంది? ఈ ముక్క ఆవిడ చెవిన వేయడానికి పక్క షాపుల్లో ఎవరూ మిగల్లేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ చటుక్కున ఆపి చెవి రిక్కిస్తుంది. ఎవరో తట్టినట్టే ఉంటుంది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

పందేనికి ముందు తమ్ముడు ఫోను చేశాడు.

"ఇంకా ఎన్నాళ్ళక్కా, ఆ కొట్లో ఈగలు తోలుకుంటూ?"

"ఈగలు తోలే తీరిక కూడానా నాకు! పనితో తల ప్రాణం తోకకొస్తోంది."

"అబద్ధాలాడకు."

"నా మాట నమ్మకపోతే టీవీ చూడరా. పందెం మన షాపు ముందునుంచే పోతుంది. నాన్న ఎర్ర గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడతా."

"సరే, చూస్తా. షాపు కళకళలాడుతుంటే ఇక నీ జోలికి రాను. దుమ్ముకొట్టుకుని ఉందో, ఆదివారం వచ్చి నిన్ను మూటగట్టి పట్టుకొచ్చేస్తా."

"వచ్చావులే, మొనగాడివి!" అని ఫోను పెట్టేసింది.

వస్తానన్న ఆ మాట ఎంత బాగుందో! వాడు ఈ గడప తొక్కి ఏళ్ళయింది. వాడు రావాలనే ఆవిడ కోరిక. కానీ అయ్యో పాపం అనుకుని రాకూడదు. అక్క షాపు దర్జాగా ఉందని చూసి, మనసుపడి రావాలి. అందుకే ఆ వారమంతా ఎర్ర గొడుగు మీదే కూర్చుంది. తండ్రి షాపు ముందు ప్రదర్శనకు పెట్టిన పెద్ద గొడుగది. ఊచలకు నూనె రాసింది, కొత్త ఎర్ర బట్ట కుట్టింది. పందెం ముందురోజు మధ్యాహ్నమే షాపు కట్టేసి, బట్టలు ఇస్త్రీకిచ్చి, జుట్టుకు రంగేయించుకుంది. టీవీలో పడబోతూ ఆ మాత్రం లేకపోతే ఎలా?

మర్నాడు పొద్దున్నే వెనక తలుపు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. కటిక చీకటి. లైటు వేసింది. వీధి కనపడాల్సిన చోట బూడిదరంగు గోడ లేచి ఉంది. అందులో మసగ్గా, వెనకవైపు నుంచి, మనుషుల ఆకారాలు. తను లేనప్పుడు తన అద్దానికి, తలుపుకి, అన్నిటికీ కలిపి బొమ్మ అంటించి పోయారు!

నగర కార్యాలయానికి ఫోను చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తింది.

"ఆ షాపు ఖాళీ అని ఉందండీ మా దగ్గర."

"ఖాళీ ఏమిటమ్మా, నేను అందులోంచే మాట్లాడుతుంటే!"

"మావాళ్ళు ఎప్పుడొచ్చి చూసినా లైటు లేదటండీ. తలుపు వేసే ఉందట."

"తట్టొచ్చుగా?"

ఆ అమ్మాయికి నిజంగానే అర్థం కాలేదు. "మూసేసిన షాపు తలుపు ఎవరు తడతారండీ?" అంది మర్యాదగానే.

పందెం అయ్యాక పీకేస్తారని, ఈలోపు చింపొద్దని చెప్పి ఆ అమ్మాయి పెట్టేసింది.

గొడుగు పట్టుకుని సందులోంచి చుట్టూ తిరిగి వద్దామని చూసింది. సందు చివర కట్టెలు అడ్డం కట్టి పోలీసు నిలబడ్డాడు. "దారి మూసేశామమ్మా, ఇంటికెళ్ళి టీవీలో చూసుకో" అన్నాడు. ఆవిడకు ఒళ్ళు మండింది. టీవీలో చూడటానికా ఇంత ముస్తాబయింది?

గబగబా వెనక్కొచ్చి బట్ట కత్తిరించే పెద్ద కత్తెర తీసింది. గడియ తీసి తలుపు లాగితే స్టిక్కరు పట్టుకుని రానివ్వలేదు. తలుపు సందులోకి కత్తెర మొన దూర్చి పైనుంచి కోయడం మొదలుపెట్టింది. ఆకాశంలో హెలికాప్టరు చప్పుడు దగ్గరికొచ్చింది. ఈలలు, మోటార్‌సైకిళ్ళు, ఆ వెంటనే తుమ్మెదల గుంపు కదిలిపోయినట్టు ఒక్కటే జుమ్మనే మోత. అద్దం సన్నగా అదిరింది. అంతే. పందెం వెళ్ళిపోయింది. కత్తెర ఇంకా సగంలోనే ఉంది. ఎర్ర గొడుగు గోడకు ఆనుకుని ఉంది.

కాసేపటికి ఫోను మోగింది.

"అక్కా, చూశానే! మన బోర్డు కనబడింది. కింద ఎంత జనమే బాబూ! గొడుగులకు అంత గిరాకీ ఏమిటే? నువ్వే గుమ్మంలో కనపడలేదు. బేరాల్లో మునిగిపోయావా?"

ఆవిడ నోరు తెరిచింది. ఎన్నాళ్ళుగానో వాడి నోట వినాలనుకున్న మాటలవి.

"అవునురా, ఊపిరి సలపలేదు" అంది.

"పోన్లే, నాకు బెంగ తీరింది. నిజం చెప్పొద్దూ, ఆదివారానికి టికెట్టు కూడా తీసేశాను. ఇక రద్దు చేసేస్తాలే. ఇంత హడావుడిలో నేనొచ్చి నీకు అడ్డమెందుకు?"

"అవును, ఎందుకూ" అంది.

తమ్ముడితో వేసుకున్న పందెం నెగ్గినట్టే. నెగ్గిన మనిషి ఆ మసక గదిలో స్టూలు మీద కూర్చుని, ఇస్త్రీ బట్టల మీద కన్నీళ్ళు పడకుండా ముందుకు వంగి ఏడ్చింది.

అప్పుడు తలుపు చప్పుడైంది.

ఈసారి భ్రమ కాదు. ఎవరో వేళ్ళతో తలుపు మీద టకటకా కొట్టారు. "వస్తున్నా, వస్తున్నా" అని ఒక్క ఉదుటున లేచింది. మొహం తుడుచుకుంది. బయటి నుంచి ఆడగొంతు వినబడింది.

"బొమ్మేనండీ! నేను నిజంగా షాపే అనుకున్నా."

"చెప్పానుగా. ఈ వీధిలో అన్నీ చచ్చిన షాపులే, పద" అంది ఒక మగగొంతు.

"లోపల మనిషున్నానమ్మా! ఉండండి!" అని అరిచింది. కత్తెర అందుకుని అడ్డదిడ్డంగా, కొలతా పాడూ లేకుండా కింది దాకా కోసేసి తలుపు లాగింది. తలుపు వచ్చింది. కట్టెలు తీసేసిన వీధిలో నలిగిన నీళ్ళ సీసాలు దొర్లుతున్నాయి. తట్టినవాళ్ళు దూరంగా మలుపు తిరుగుతున్నారు. గొడుగులక్క గుమ్మం దిగి, వెనక్కి తిరిగి తన షాపు వంక చూసింది. "గొడుగులు" అన్న తండ్రి బోర్డు కింద బేకరీ. బేకరీ నిండా జనం, ఒక్కొక్కరి మొహం వెలిగిపోతోంది. ఎవరో ఒకావిడ నవ్వు మధ్య నుంచి తన కత్తెర గాటు.

మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడి తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరేయ్, టికెట్టు రద్దు చేశావా?"

"ఇంకా లేదక్కా, భోంచేస్తున్నా. ఏం?"

"నువ్వు చూసింది బొమ్మరా. ఖాళీ షాపులకు అంటించారు, నాది కూడా ఖాళీ అనుకుని. ఆ జనమెవరూ లేరు. వెనకాల నేనొక్కదాన్నే ఉన్నాను."

అవతల వాడు కంచం పక్కకు జరిపిన శబ్దం వినిపించింది.

"ఏడుస్తున్నావా అక్కా?"

"ఆఁ" అంది, దాచుకోకుండా. "నన్ను తీసుకుపోవడానికి కాదురా. ఊరికే రా. వెనక సందులోంచి కాదు, ముందు నుంచి రా. వచ్చి తలుపు తట్టు. నేను తీస్తా."