సోమవారం మాట

జాకెట్టు పక్కకుట్టు విప్పి, కాస్త వదులు చేసి, మళ్ళీ మిషను కింద పెట్టింది కనకం. కాలు తొక్కుతోంది గాని చెవి మాత్రం మేడమెట్ల మీదే ఉంది. పైన పెట్టెలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది. స్టీలు గిన్నె ఒకటి దొర్లింది. కిందికి దిగే చెప్పుల చప్పుడు మాత్రం ఇంకా లేదు. దారం తెగింది. కొస నాలుకతో తడిపి సూదిలోకి ఎక్కించబోతే రెండుసార్లు పక్కకు పోయింది.

ముత్తియాల్‌పేటలో ఆ వీధి ఎంత ఇరుకంటే, ఎదురెదురుగా రెండు ఆటోలు వస్తే ఒకటి వెనక్కి పోక తప్పదు. ఆ వీధిలో రాజాత్తి అనే ఆవిడ ఇంటి ముందుగదే కనకానికి ఇల్లూ, కొట్టూ. వీధివైపు ఇనుప గ్రిల్లు, దాని వెనక మిషను, మిషను వెనక చాప, చాప పక్కన పొయ్యి. జాకెట్లు వదులు చేయడం, బిగించడం, చీరలకు ఫాల్ కుట్టడం, ఊడిన హుక్కులు వేయడం ఆమె పని. కొత్త జాకెట్టు ఎవరూ ఇవ్వరు. కొత్తవాటికి పెద్ద వీధిలో అద్దాల షాపులున్నాయి.

యాభై దాటిన మనిషి. సన్నగా ఉంటుంది, కొంచెం కుడివైపుకు ఒరిగి నడుస్తుంది. చూపుడువేలి కొస సూదిపోట్లతో గరుకెక్కింది. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. ఒకసారి దానితోనే సినిమాకు వెళ్ళిపోయింది. ఇంటర్వెల్లో ఎవరో ఆడమనిషి చూసి నవ్వితే, కొలతలు తీయడానికి వచ్చాననుకుంటోంది కాబోలని కనకం కూడా నవ్వింది. పెళ్ళి కుదరలేదు. ఎందుకు కుదరలేదని అడిగేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు.

కనకం వాళ్ళు ఎప్పుడో తాతల నాడు ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళు. ఆమెకు తెలుగు చదవడం, రాయడం రాదు. మాట్లాడటం వచ్చు గాని, మాట్లాడటానికి ఎదుట ఇంకొకరు ఉండాలిగా. గడప దాటితే అంతా అరవమే. తల్లి ఉన్నన్నాళ్ళు ఆ గదిలో తెలుగు వినబడేది. ఆమె పోయాక, కనకం సూది పోగొట్టుకుని తనను తాను తిట్టుకున్నప్పుడే వినబడేది.

అలాంటి రోజుల్లో మేడమీదికి లక్ష్మీదుర్గ వచ్చింది. యానాం పిల్ల. యానాం కూడా ఈ అరవ ఊరి సర్కారు కిందిదే, అందుకే ఇక్కడ ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. వచ్చిన రోజే గ్రిల్లు దగ్గర నిలబడి, వచ్చీరాని అరవంలో నీళ్ళ మోటారు గురించి ఏదో అడగబోయి తడబడింది. "తెలుగులోనే అడుగు తల్లీ, ఏంది కావాల?" అంది కనకం. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "మీది తెలుగాండీ! బతికించారు పిన్నిగారూ!" అంది. అంతే, ఆ క్షణం నుంచి కనకం పిన్నిగారైపోయింది. పిన్నీ అని పిలిచేవాళ్ళు ఉంటారని కనకం ఎన్నడూ అనుకోలేదు.

ఇక సినిమా సంగతి. కనకానికి ఉన్న వ్యసనం అదొక్కటే. ఆదివారం మ్యాట్నీ తప్పదు. పోస్టరు చూసి ఎంచుకునే రకం కాదు, ఏది ఆడుతుంటే అది చూస్తుంది. దెయ్యాలదైనా, పోలీసులదైనా, యుద్ధమైనా, ప్రేమైనా, చిన్నపిల్లల బొమ్మల సినిమా అయినా ఆమెకు ఒకటే. వారం మధ్యలో ఫోన్లో మరొకటి. చూడటంలో ఆమెకు కష్టమేమీ లేదు. చూసి వచ్చాక చెప్పుకోవడానికి ఎవరూ లేకపోవడమే కష్టంగా ఉండేది. రాజాత్తికి సీరియళ్ళు తప్ప మరేదీ పట్టదు.

దుర్గ వచ్చాక ఆ కొరత తీరింది. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్తూ గ్రిల్లు పట్టుకుని ఒక్క నిమిషం ఆగేది. "నిన్న ఏం చూశారండి? ఎలా ఉందండి?" అనేది. కనకం మిషను ఆపేసి, కళ్ళజోడు తీసి, తీర్పు చెప్పేది.

"మోసం. దెయ్యం అంటారు గానీ, మొగానికి పౌడర్ పూసుకోని వస్తాది. దానికన్నా మా రాజాత్తి పొద్దున్నే లేస్తే భయంగా ఉంటాది."

"సుమారు. పోలీసోడికి పెండ్లాం ఉండాది, బిడ్డ ఉండాది. మూడు గంటలూ ఇంటికే పోడు. వాళ్ళేమి తిన్నారో ఎవురికీ తెలవదు."

దుర్గ పగలబడి నవ్వేది. ఆఫీసులో తనతోపాటు యానాం నుంచి వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. సుమారు అంటే ఈ ఊరి అరవంలో అంతంతమాత్రం, యానాం వాళ్ళ లెక్కలో మాత్రం ఫరవాలేదు, చూడొచ్చు. మరుసటి వారం వచ్చి, "మీరన్నట్టే ఉందండి పిన్నిగారూ, పోలీసు ఇంటికే వెళ్ళలేదు!" అనేది. ఆ మాట విన్న రోజు కనకం ఎంత చిరిగిన జాకెట్టునైనా విసుక్కోకుండా కుట్టేది.

అన్నిటికన్నా పైమెట్టు మాట ఒకటుంది. అది ప్రమాదం. ఈ ఊరి అరవంలో అది మెచ్చుకోలు. సాంబారు అద్భుతంగా కుదిరినా, కచేరీలో పాట గుండెను తాకినా ప్రమాదం అంటారు. ఆ మాట వీధిలోంచి ఎప్పుడో కనకం వాళ్ళింట్లోకి వచ్చి తెలుగు మాటల్లో కలిసి కూర్చుంది. కనకం తల్లి రసం రుచి చూసి ప్రమాదం అనేది. కనకానికి తెలిసిన ప్రమాదం అదొక్కటే.

మనసుకు పట్టిన సినిమా గురించి కనకానికి మాటలు రావు. తిట్టమంటే ఎంతసేపైనా తిడుతుంది. బాగుంటే మాత్రం మొహం బరువెక్కుతుంది. దుర్గ అడగగానే తల అడ్డంగా ఊపుతూ, "ప్రమాదం తల్లీ... ప్రమాదం" అని ఊరుకునేది. దుర్గ కూడా నవ్వడం మానేసి, "చాలండి, అర్థమైపోయింది" అనేది. ఆ తర్వాత ఎప్పుడైనా "చూస్తివా?" అని అడిగితే, "మీరంతగా చెప్పాక ఇంకా అడగాలాండి!" అనేది. చూసిందనే కనకం అనుకునేది. ఆ సినిమాల్లో ఏడిచిన చోట ఆ పిల్ల కూడా ఏడిచి ఉంటుందని, పైన గదిలో ఒక్కతే కూర్చుని తలుచుకుని ఉంటుందని ఊహించుకుని సంతోషపడేది.

దుర్గకు యానానికి బదిలీ అయింది. శనివారం ఆ కబురు చెప్పి, సోమవారం వ్యాను వస్తుందంది. కనకం "మంచిది తల్లీ, మీ ఊరికే కదా" అంది. లోపలికి వచ్చి, పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూస్తూ నిలబడింది.

నిన్న ఆదివారం ఎప్పటిలాగే మ్యాట్నీకి వెళ్ళింది. హాల్లో పట్టుమని పది మంది లేరు. ఇద్దరు ముసలి అక్కాచెల్లెళ్ళ కథ. బస్టాండు పక్కన టీకొట్టు. ఏదో మాట మీద మాట వచ్చి ఏళ్ళ తరబడి పలకరించుకోరు. కానీ రోజూ సాయంత్రం చెల్లెలు ఒక గ్లాసు టీ తెచ్చి అక్క పక్కన పెట్టి పోతుంది. కాసేపటికి గ్లాసు ఖాళీ అయి ఉంటుంది. పాట లేదు, ఫైటు లేదు. కనకం కొంగు తడిసిపోయింది. ఊడ్చేవాళ్ళు వచ్చి లేపే దాకా సీట్లోంచి లేవలేదు. ఆమె చూసినవాటిలో ఇంతటిది లేదు. ఇది దుర్గకు చెప్పాలి, దుర్గ చూడాలి, ఆ గ్లాసు దగ్గర ఇద్దరూ ఒకేలా ఆగిపోవాలి. ఊరు వదిలి వెళ్ళేముందు ఆ పిల్ల ఒక్కసారి గ్రిల్లు దగ్గర ఆగి అడిగితే చాలు. నిన్నటి నుంచి కనకం కోరుకుంటున్నది అంతే.

చెప్పుల చప్పుడు వినిపించింది. కనకం గబగబా కళ్ళజోడు తీసింది. దుర్గ చేతిలో తాడు చుట్టతో, జుట్టు ముడేసుకుని, చెమటలు కక్కుకుంటూ దిగింది. "పిన్నిగారూ, కత్తెరొకసారి ఇస్తారాండి?" అంది. కత్తెర తీసుకుని, రెండేసి మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ దిగి, "మధ్యాహ్నం వంట పెట్టుకోవడం లేదండి, ఉన్న పప్పు మీకిచ్చేస్తాను" అని డబ్బా ఇచ్చి పోయింది. సినిమా ఊసు లేదు. పిల్ల పనిలో ఉంది, పాపం, అనుకుంది కనకం. అనుకుని కూడా, కుట్టిన కుట్టు వంకరపోతే విప్పి మళ్ళీ కుట్టింది. తానే పిలిచి చెప్పొచ్చు. కానీ అడక్కుండా చెప్పడం ఆమెకు చేతకాదు. ఎప్పుడూ అడిగితేనే చెప్పింది.

ఎండ వాలేవేళకు వ్యాను వచ్చి వీధంతా ఆక్రమించింది. బీరువా, మంచం, ఫ్యాను ఎక్కాయి. వెనక ఆగిపోయిన స్కూటర్లవాళ్ళు హారన్లు కొడుతున్నారు. రాజాత్తి వాకిట్లో నిలబడి, గోడకు గీత పడితే ఊరుకోనని డ్రైవరును అరవంలో కేకలేస్తోంది. దుర్గ మొహం కడుక్కుని, చీర మార్చుకుని వచ్చింది. కత్తెర తిరిగి ఇచ్చి, గ్రిల్లు బయట మెట్టు మీద కూర్చుంది.

"ఎల్లొస్తానండి పిన్నిగారూ. మీరు లేకపోతే ఈ ఊళ్ళో పిచ్చెక్కిపోయేదండి నాకు."

"నువ్వు పోతే నాకే పిచ్చెక్కతాది" అంది కనకం. దుర్గ నవ్వింది గాని కళ్ళు తుడుచుకుంది.

"మా ఆఫీసులో అందరూ మీ పేరే చెప్పుకుంటారండి. మీ పుణ్యమా అని రెండేళ్ళలో ఒక్క చెత్త సినిమా చూడలేదు మేం. మీరు ప్రమాదం అన్నవాటి జోలికే పోలేదండి!"

కనకానికి వెంటనే అందలేదు. "పోలేదా?" అంది.

"ప్రమాదం అంటే ఎవరైనా ఎల్తారాండి? ఆ మాట చెప్పేటప్పుడు మీ మొహం చూస్తేనే భయమేసేదండి. మా ఆఫీసులో ఒకాయన మీ మాట కాదని టిక్కెట్టు కొన్నాడు. నేనే వద్దని ఆపేశాను."

కనకం చేయి మిషను చక్రం మీద ఉండిపోయింది. ఒకసారి మేడమీద దుర్గ టీవీలో తెలుగు వార్తలు వస్తున్నప్పుడు విన్న మాట గుర్తొచ్చింది. ఘోర ప్రమాదం అన్నాడు. తెర మీద బస్సు కాలవలో తలకిందులుగా పడి ఉంది. ఇంత దారుణం జరిగితే ప్రమాదం అంటాడేంది, వీడికి మతి పోయిందా అనుకుంది అప్పుడు. ఇప్పుడు అర్థమైంది. తాను ఏడిచిన ఒక్క సినిమా కూడా ఈ పిల్ల చూడలేదు. ఈమె చూసినవన్నీ, తాను సగం నిద్రపోతూ చూసినవి. ఇన్ని సోమవారాలు ఇద్దరూ ఒకే సినిమా చూశామనుకుంది గాని, బాగున్నవన్నీ తాను ఒక్కతే చూసింది.

చెప్పేద్దామని నోరు తెరిచింది. ఎదురుగా దుర్గ, మీ మాట ఎన్నడూ దాటలేదు చూడండి అన్న సంతోషంతో చూస్తోంది. చెబితే ఆ మొహం ఏమవుతుందో కనకానికి తెలుసు. పోయే పిల్ల అంత దూరమూ అదే తలుచుకుంటూ పోతుంది. నోరు మూసుకుంది.

"అవసరంగా పోవాల్నా తల్లీ?" అంది. తొందరగా వెళ్ళాలా అని ఆమె ఉద్దేశం.

"ఆఁ, అవసరమేనండి, ఎల్లుండి పొద్దున్నే జాయినవ్వాలి" అంటూ దుర్గ లేచి చీర దులుపుకుంది. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి గ్రిల్లు పట్టుకుంది. "అయ్యో, నిన్నటిది అడగనే లేదు! ఏం చూశారండి? ఎలా ఉందండి?"

నిన్నటి నుంచి నోట్లో నానుతున్న మాట నాలుక చివరికి వచ్చేసింది. కనకం దాన్ని మింగింది. ఖాళీ గ్లాసు కళ్ళముందు కదిలింది. మొహం బరువెక్కకుండా చూసుకుంది. పెదాలు సాగదీసి నవ్వు తెచ్చుకుంది.

"సుమారు" అంది.

"కథేంటండి?"

"ఏముండాది. ఇద్దరు ముసిలోళ్ళు. అక్కాచెల్లెళ్ళు. టీ కాస్తా ఉంటారు, మాట్లాడుకోరు. సుమారుగా ఉండాది. తెలుగు మాటలు పెట్టి ఫోన్లో వస్తాదంట. నువ్వు చూడు."

"మీరు సుమారన్నారంటే కచ్చితంగా చూస్తానండి!" అంది దుర్గ. గ్రిల్లు సందులోంచి చేయి పెట్టి కనకం చేయి గట్టిగా పట్టుకుంది. డ్రైవరు హారను కొట్టాడు. దుర్గ పరుగెత్తి ముందు సీటెక్కింది. వ్యాను వెనక్కీ ముందుకీ జరిగి, మలుపు దగ్గర మరో హారను కొట్టి పోయింది.

కనకానికి నోరంతా చేదుగా ఉంది. కడుపున పుట్టినదాన్ని పదిమందిలో చులకన చేసినట్టుంది. అయినా ఈ ఒక్కటీ ఆ పిల్ల చూస్తుంది. తాను చూసిన సినిమానే చూస్తుంది. అది చాలనుకుంది. చాలలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది.

రాజాత్తి వచ్చి, మోకాళ్ళ నొప్పి, పైకెళ్ళి కిటికీలు మూసి వస్తావా అని అరవంలో అడిగింది. కనకం పైకి వెళ్ళింది. గది పెద్దదైపోయినట్టుంది. మంచం కాళ్ళు ఉన్నచోట నేల మీద తెల్లటి మచ్చలున్నాయి. ఒక్కో రెక్కా లాగి గడియ వేస్తూ చివరి కిటికీ దగ్గరికి వచ్చింది. గట్టు మీద, సినిమా హాళ్ళలో బొమ్మ మీదికి వచ్చినట్టు కనబడేందుకు ఇచ్చే నల్లద్దాల కళ్ళజోడు ఉంది. తిరిగి ఇవ్వడం మరిచిపోయి తెచ్చేసుకున్నట్టుంది. తాను సుమారన్న సినిమాల్లో ఏదో ఒకదానిదై ఉంటుంది.

కనకం తన కళ్ళజోడు మీదే దాన్ని పెట్టుకుని గది చూసింది. గోడ గోడలాగే ఉంది, కొంచెం మసగ్గా. తీసేసి, ఎక్కడిది అక్కడే పెట్టింది. ఆ ఒక్క కిటికీ మూయకుండా కిందికి దిగిపోయింది. గట్టు మీద ఆ నల్లద్దాలు కాడలు ముడుచుకోకుండా, వీధిలోకి తిరిగి ఉన్నాయి.